ఇంట్లో కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనాలా, విండోస్‌తో వచ్చేది సరిపోతుందా?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఎక్కువగా వాడేది నాన్నగారే, రిటైర్డ్ టీచర్, పెన్షన్ పనులు, బ్యాంకు, పొద్దున్నే ఈ-పేపర్లు. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, గేములు ఎక్కడెక్కడి నుంచో డౌన్‌లోడ్ చేస్తాడు. కొన్నప్పుడు షాపువాళ్లే ఒక యాంటీవైరస్ మూడేళ్లకి వేసిచ్చారు, దాని గడువు పోయినేడాదే అయిపోయింది. నెల రోజుల నుంచి స్క్రీన్ కింద కుడివైపు మూల ఒక ఎర్ర బాక్సు వస్తోందట, కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి వెంటనే రెన్యూ చేయండి అని. నాన్నకి ఒకటే టెన్షన్, రోజూ ఫోన్ చేసి అదే మాట. షాపులో అడిగితే పాతది వద్దు, ఇంకో పెద్ద ప్యాక్ తీసుకోండి అన్నారు. దానికి తోడు పోయిన వారం జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని వచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. నేను బెంగళూరులో ఉంటాను, దగ్గరుండి చూసే వీలు లేదు. ఏది కొనమంటారు? అసలు కొనాలా?

హనుమకొండ_సర్వీస్:
అమ్మా, ఏదీ కొనేముందు ఒక పని చేయండి. ఆ ఎర్ర బాక్సు ఈసారి వచ్చినప్పుడు నాన్నగారిని ఫోన్‌తో ఫొటో తీసి పంపమనండి. అందులో చిన్న అక్షరాల్లో క్రోమ్ అని గానీ ఏదో వెబ్‌సైట్ పేరు గానీ ఉంటే అది యాంటీవైరస్ కాదు, బ్రౌజర్ నోటిఫికేషన్. ఏదో సైట్ తెరిచినప్పుడు "అలో" నొక్కి ఉంటారు, అప్పటి నుంచి వాళ్లు ఏం పంపితే అది వస్తుంది. నా దగ్గరికి వైరస్ అని తెచ్చే కంప్యూటర్లలో ఇది చాలా చూస్తాను. దాని మీద నొక్కి కార్డు నంబర్ ఇవ్వవద్దని ఇవాళే చెప్పండి. ఒకవేళ ఇచ్చి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక అసలు విషయం. విండోస్‌లోనే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఉంటుంది, ఉచితం. ఇంటి వాడకానికి అది చాలు అని పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నవాడిగా చెప్తున్నాను. కానీ వేరే యాంటీవైరస్ ఉంటే ఇది పక్కకి తప్పుకుంటుంది, రెండూ కలిసి కాపలా కాయవు. మీ ఇంట్లో గడువు తీరిన పాతది ఇంకా కూర్చుని ఉంది కదా, ముందు దాన్ని పూర్తిగా తీసేయండి. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ముక్కలు మిగిలిపోతుంటాయి, అలాంటప్పుడు ఆ కంపెనీ సైట్‌లోనే విడిగా రిమూవల్ టూల్ ఉంటుంది, అది నడపండి. రీస్టార్ట్ చేశాక స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరిస్తే ఆకుపచ్చ టిక్ కనిపించాలి.

నాకు యాంటీవైరస్ కన్నా మీ విండోస్ 10 గురించే ఎక్కువ దిగులుగా ఉంది. దానికి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. నాలుగేళ్లదే కాబట్టి విండోస్ 11కి పనికొచ్చే అవకాశం ఉంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ వేసి చూడండి, అదే చెప్పేస్తుంది. 2017 మేలో ఫైళ్లని లాక్ చేసి డబ్బు అడిగే వానక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి, గుర్తుందా? అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లకి ఆ దారిన రాలేదు.

పెన్‌డ్రైవ్ మాటకొస్తే, ఫైళ్లు పోలేదు, కంగారు పడకండి. వైరస్ అసలు ఫోల్డర్లని దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. మనం దాన్ని నొక్కితే ముందు వైరస్ నడిచి, తర్వాత ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది, అందుకే అనుమానం రాదు. కాబట్టి వాటిని నొక్కకుండా పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయమనండి. ఆ తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టి, సిస్టమ్ ఫైళ్లని దాచే టిక్ కూడా తీసేస్తే అసలువి బయటపడతాయి. మీ డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకోండి.

విజయనగరం_నాన్న:
పై అన్న చెప్పినవన్నీ నిజమే. నేను ఒకే ఒక్క మాట చెప్తాను, దయచేసి తమ్ముడి గేముల సంగతి చిన్నది అనుకోకండి. 2020 లాక్‌డౌన్‌లో నేను ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, దించుకున్నాను. దాంతో వచ్చిన నోట్‌లో ముందు యాంటీవైరస్ ఆపండి అని రాసి ఉంది. ఆపాను. అంటే కాపలావాణ్ణి నేనే బయటికి పంపి తలుపు తీశాను. తెల్లారి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏవో నాలుగు అక్షరాలు అతుక్కుని ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు, ప్రతి ఫోల్డర్‌లో డాలర్లు కట్టమని ఒక నోట్.

మా పాప అన్నప్రాసన ఫొటోలన్నీ అందులోనే ఉండేవి. పుస్తకం, పెన్ను, బంగారం, పూలు పెట్టి వదిలితే దోగాడుకుంటూ వెళ్లి రెండు చేతులతో పుస్తకం పట్టుకుంది. ఆ ఫొటో ఇప్పుడు మా అత్తగారి వాట్సాప్‌లో మిగిలిన చిన్న మసక బొమ్మ ఒక్కటే. నో మోర్ రాన్సమ్ అని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 2016లో పెట్టిన సైట్ ఉంది, కొన్ని రకాలకి ఆ లాక్ తీసే తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. మా దానికి దొరకలేదు. డబ్బు కట్టలేదు.

మీరు యాంటీవైరస్‌కి పెడదామనుకున్న డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనండి. నెలకోసారి ఫొటోలు, పత్రాలు అందులోకి ఎక్కించి వైరు పీకేసి బీరువాలో పెట్టండి. వైరు పీకడం ముఖ్యం, తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ లాక్ చేసేస్తుంది. తమ్ముడికి అడ్మిన్ కాని వేరే అకౌంట్ పెట్టండి, చాలావాటిని ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది మీ దగ్గర ఉంచుకోండి.

అమీర్‌పేట్_శ్రీను:
నేను కొంచెం వేరేగా చెప్తాను. డిఫెండర్ బాగానే పనిచేస్తుంది, కానీ దాని బలం చాలావరకు ఇంటర్నెట్ ఉన్నప్పుడే. నెట్ లేని చోట పెన్‌డ్రైవ్‌లతో పని చేసేవాళ్లకి మంచి పెయిడ్‌ది ఉండటమే మేలు. దొంగ బ్యాంకు సైట్‌లని ఆపే విషయంలో కూడా మైక్రోసాఫ్ట్ కాపలా ముఖ్యంగా ఎడ్జ్ బ్రౌజర్‌లోనే ఉంటుంది, క్రోమ్‌కి గూగుల్ వాళ్లది వేరు. పెయిడ్ ప్యాకుల్లో చాలావాటికి అన్ని బ్రౌజర్లలో పనిచేసే అడ్డు ఉంటుంది. మా అమ్మానాన్నలకి అందుకే కొన్నాను, ఇప్పటికీ తప్పు చేశానని అనుకోవట్లేదు.

కొంటే షాపువాళ్ల మాట మీద కాకుండా యాంటీవైరస్‌లని పరీక్షించే సంస్థలు, జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ ఫలితాలు చూసి కొనండి, రెండూ ఉచితంగా చదువుకోవచ్చు. మన దేశపు యాంటీవైరస్‌లు, పుణేలో పుట్టిన క్విక్ హీల్, చెన్నై కే7 కూడా ఉన్నాయి. మొదటి ఏడాది రేటు చూసి మోసపోకండి, రెండో ఏడాది ఎంతో చూడండి, ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఉచితం కదా అని ఏదిబడితే అది మాత్రం వేయకండి. అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మిందని 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది.

హనుమకొండ_సర్వీస్:
శ్రీను అన్నా, నెట్ లేని చోట అన్నది ఒప్పుకుంటాను. వీళ్ల ఇంట్లో నెట్ ఉంది, నాన్నగారు బ్యాంకు పని కూడా దాని మీదే చేస్తున్నారు. ఈ కంప్యూటర్‌కి అవసరం లేదనే నా మాట.

తెనాలి_అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నాన్న ఫొటో పంపారు, సర్వీస్ అన్న చెప్పినట్టే ఎర్ర బాక్సు కింద సన్నగా గూగుల్ క్రోమ్ అని, దాని పక్కన పేరు తెలియని ఒక సైట్ అడ్రస్ ఉంది. ఈ-పేపర్ అనుకుని ఏదో తెరిచి అలో నొక్కారట. వీడియో కాల్‌లో క్రోమ్ సెట్టింగ్స్‌కి వెళ్లి నోటిఫికేషన్లలో దాన్ని బ్లాక్ చేయించాను, ఇంకో మూడు సైట్‌లు కూడా ఉన్నాయి, అవీ తీసేశాం. నిన్నటి నుంచి బాక్సు రాలేదు. మొన్న సాయంత్రమే కార్డు తెచ్చుకుని కట్టబోయారని, కరెంటు పోవడంతో ఆగారని అమ్మ చెప్పింది, వింటుంటే నాకు చేతులు వణికాయి.

పాత యాంటీవైరస్ తీసేశాం, ఆకుపచ్చ టిక్ వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో రెండు వైరస్‌లు దొరికాయి, డిఫెండర్ తీసేసింది, నాన్న పెన్షన్ కాగితాలు బయటపడ్డాయి. కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందని హెల్త్ చెక్ యాప్ చూపించింది, దసరాకి వెళ్లినప్పుడు నేనే మారుస్తాను. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఆర్డర్ పెట్టాను. ఆ పెన్‌డ్రైవ్ మళ్లీ వాడొచ్చా?

హనుమకొండ_సర్వీస్:
కాగితాలు కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేయండి, వాడొచ్చు. జిరాక్స్ షాపుకి మాత్రం ఇకమీదట పీడీఎఫ్ మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపమనండి. విండోస్ 11కి మార్చడానికి కూర్చునే ముందు ఆ కొత్త డ్రైవ్‌లోకి అన్నీ ఎక్కించుకోండి అమ్మా.