రేసుల నుంచి వచ్చిన కుర్ర గుర్రం జంపింగ్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: మలక్‌పేట రేసుల్లో పరిగెత్తిన నాలుగేళ్ల థరోబ్రెడ్ (రేసు జాతి గుర్రం) చవగ్గా వస్తోందండీ. మీటరు ఎత్తు అడ్డకర్రలు దాటించే జంపింగ్‌కి కొనొచ్చా? ఏం చూడాలి?

జవాబు: మొదట చూడాల్సింది కాళ్లే. మోకాలి కింద వెనకవైపు టెండన్‌ని (కండని ఎముకకి కలిపే నరంలాంటి తాడు) వేళ్లతో ఒత్తుకుంటూ కిందికి రండి. విల్లులా ఉబ్బినా, రెండో కాలికన్నా వేడిగా తగిలినా వదిలేయండి. మానినట్టున్నా నమ్మకండి, ఎగిరి దిగేటప్పుడు బరువంతా దానిమీదే పడుతుంది.

జవాబు: పైన చెప్పింది సరే. డాక్టరు మాత్రం మీవాడై ఉండాలి, అమ్మేవాళ్ల మనిషి వద్దు. ఫ్లెక్షన్ టెస్టు (కాలు కాసేపు మడిచి పట్టి, వదిలాక కుంటుతుందేమో చూడటం), ఫెట్‌లాక్ (గిట్ట పైన కీలు), హాక్ (వెనకకాలి మధ్య కీలు) ఎక్స్‌రేలు, గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష తప్పనిసరి. రక్తం కూడా తీసి దాచమనండి. నొప్పిమందేసి చూపించారేమో తర్వాతైనా తేలుతుంది.

జవాబు: రౌతు లేకుండా 60 సెంటీమీటర్ల కర్ర దాటించండి. తగిలిస్తే తగిలించనీ, మరుసటిసారి కాళ్లు ముడుస్తుందా అన్నదే లెక్క. ఉన్న డబ్బంతా గుర్రం కొనడానికే పోయకండి. దాణా నెలనెలా, లాడాలు ఆరు వారాలకోసారి ఎలాగూ తప్పవు.