నిర్వచనం చెప్పే పిల్లలు కారణం అడిగితే ఎందుకు మౌనం వహిస్తారు?

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని):
నమస్కారం. బాష్పీభవనం అంటే ఏమిటని అడిగితే మా తరగతి మొత్తం ఒక్క గొంతుతో నిర్వచనం అప్పజెబుతుంది. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని అడిగితే మాత్రం అందరూ తలలు దించుకుంటారు. నేర్చుకోవడాన్ని గుర్తుంచుకోవడం నుంచి విశ్లేషించడం, సృష్టించడం దాకా మెట్లుగా విభజించే బ్లూమ్ వర్గీకరణను, 2001లో సవరించిన దాని ఆరు స్థాయిలను బి.ఇడి.లో చదివాను. వాటిని పాఠ్యపథకంలో రాయగలుగుతున్నాను గానీ తరగతిలో పిల్లలను ఒక స్థాయి నుంచి మరో స్థాయికి ఎలా తీసుకువెళ్లాలో తెలియడం లేదు.

మొదటి సమాధానం:
అమ్మా, మీ రెండు ప్రశ్నల మధ్య మెట్లు లేవు. ముందుగా కుండను తరగతికి తెచ్చి, దాని బయటి గోడను తాకి చూడమనండి. ఆ తేమ ఎక్కడిది, అది ఆవిరి కావడానికి కావలసిన వేడి ఎక్కడి నుంచి వస్తుంది అని వరుసగా అడిగితే, కుండ గోడలోని సన్నని రంధ్రాల సంగతి పిల్లలే చెబుతారు. తర్వాత స్టీలు బిందెలో నీళ్లు అలా ఎందుకు చల్లబడవని అడగండి. నాకు బాగా ఉపయోగపడిన ప్రశ్న మరొకటి ఉంది: మే నెలలో నిజామాబాదులో చల్లబడినంతగా విశాఖపట్నంలో కుండనీళ్లు ఎందుకు చల్లబడవు? "సముద్రం ఉంది కదా సార్" అని ఎవరో ఒకరు అంటారు. దాన్ని సరైన జవాబుగా ఒప్పుకుని వదిలేయకుండా, సముద్రం ఉంటే గాలిలో ఏం మారుతుందని అడిగితేనే ఆర్ద్రత దాకా వెళ్తారు.

రెండవ సమాధానం:
ప్రశ్న ఎంత మంచిదైనా వ్యవధి ఇవ్వకపోతే వృథా అవుతుంది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లకు మించి ఆగితే జవాబులు పెద్దవవుతాయని అమెరికా తరగతి గదులను పరిశీలించిన మేరీ బడ్ రో 1970లలో చూపారు. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా వెంటనే "బాగుంది" అనకుండా ఆగితే, వాడే మరో వాక్యం కలుపుతాడు.

మూడవ సమాధానం:
ఒక్క మాట. నిర్వచనం అడగడాన్ని తక్కువగా చూడవద్దు; ఆవిరి కావడానికి వేడి కావాలన్న సంగతి గుర్తులేని పిల్లవాడు కుండను విశ్లేషించలేడు. అయితే ప్రతిసారీ కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలన్న నియమమూ లేదు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని:
అందరికీ కృతజ్ఞతలు. సోమవారం రెండు కుండలు తీసుకువెళ్తాను. ఒకదానికి బయట ఆయిల్ పెయింటు పూయిస్తాను. నీళ్లు పోసే ముందే, మధ్యాహ్నానికి ఏది చల్లగా ఉంటుందో, ఎందుకో ప్రతి ఒక్కరినీ నోటుపుస్తకంలో రాయమంటాను. థర్మామీటరు ఆ తర్వాతే బయటికి తీస్తాను.