నీటిలో ముంచిన రాయిని విద్యుత్ పల్సులతో పగలగొట్టడం: మెరుపు నీటిలోంచి పోతుందా, రాతిలోంచి పోతుందా?

ప్రశ్న – భూగర్భశాస్త్ర విద్యార్థి
వయసు నిర్ధారణ కోసం గ్రానైట్ నుంచి జిర్కాన్ స్ఫటికాలను వేరు చేస్తున్నాను. జా క్రషర్‌లో వేస్తే సన్నగా, పొడవుగా ఉన్న స్ఫటికాలు మధ్యకు విరిగిపోతున్నాయి. రాయిని నీటిలో ఉంచి అధిక వోల్టేజీ పల్సులు ఇస్తే ఖనిజాల సరిహద్దుల వెంట విడిపోతుందని చదివాను. నీరు రాతికన్నా మంచి వాహకం కదా, మరి విద్యుత్తు సులువైన దారి వదిలి రాతిలోకి ఎందుకు వెళ్తుంది?

జవాబు – హైవోల్టేజ్ ఇంజనీరు
వోల్టేజీ నెమ్మదిగా పెరిగితే మీరు అన్నట్టే జరుగుతుంది, నీరే ముందు తెగుతుంది, అంటే దాని నిరోధం కూలిపోయి విద్యుత్తు దానిలోంచి దూసుకుపోతుంది. అయితే పల్సు ఎంత వేగంగా పెరిగితే నీరు అంత ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది. రాతిలో ఈ పెరుగుదల చాలా తక్కువ. అందువల్ల పల్సు సుమారు 500 నానోసెకన్లలోపే శిఖరానికి చేరితే నీటికన్నా ముందు రాయే తెగి, మెరుపు దానిలోంచి పోతుంది. సోవియట్ కాలంలో సైబీరియాలోని టామ్స్క్ నగర పరిశోధకులు ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. మెరుపు పోయిన సన్నని దారిలో ప్లాస్మా ఒక్కసారిగా వ్యాకోచించి రాయిని లోపలినుంచి చీలుస్తుంది. గ్రానైట్ నొక్కుడును ఎంత తట్టుకుంటుందో లాగుడును అందులో పదో వంతు కూడా తట్టుకోలేదు కాబట్టి, క్రషర్ బయటినుంచి నలిపే పనికన్నా ఇది సహజంగానే సులువు. పైగా వేర్వేరు ఖనిజాల పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు) వేరు కావడంతో విద్యుత్ క్షేత్రం వాటి సరిహద్దుల దగ్గరే తీవ్రమవుతుంది. మీ జిర్కాన్లు ముక్కలు కాకుండా బయటపడే అవకాశం అక్కడే ఉంది.

జవాబు – వైద్య పరికరాల నిపుణుడు
మెరుపు నీటిలోనే పోయే పద్ధతి కూడా ఉంది, దానితో దీన్ని కలపకూడదు. సోవియట్ ఇంజనీరు లెవ్ యుట్కిన్ పేరుతో ముడిపడిన ఆ పద్ధతిలో రాయిని తాకేది నీటిలో పుట్టిన షాక్ తరంగం. 1980లో మ్యూనిక్‌లో మూత్రపిండాల రాళ్లకు మొదలైన చికిత్సలో దీర్ఘవృత్తాకార లోహపు గిన్నెలో ఒక నాభి దగ్గర స్పార్క్ పుట్టించి, రెండో నాభి రాయిమీద పడేలా రోగిని నీటితొట్టిలో ఉంచేవారు. రేణువులను వేరుచేయాలంటే మీకు మొదటి పద్ధతే కావాలి.

జవాబు – ప్రయోగశాల సాంకేతికుడు
డిస్టిల్డ్ వాటర్ వాడండి, వాహకత పెరగగానే మార్చండి. రాతినుంచి కరిగిన లవణాలవల్ల శక్తి నీటిలోనే కారిపోయి పల్సు బలహీనపడుతుంది. యంత్రం ఆపిన తర్వాత కూడా పల్సులకు శక్తిని నిల్వచేసే కెపాసిటర్లలో ప్రాణాంతకమైన ఆవేశం మిగిలి ఉండవచ్చు కాబట్టి, గ్రౌండింగ్ రాడ్ తాకించి డిశ్చార్జ్ చేసే దాకా పాత్ర మూత తీయవద్దు.