రిజర్వాయర్ రాతిలోకి ఆయిల్ ఎప్పుడొచ్చిందో ఫ్లూయిడ్ ఇంక్లూజన్స్‌తో చెప్పొచ్చా?

ఇసుకరాయి:
ఎమ్మెస్సీ జియాలజీ చివరి సంవత్సరం అండీ. ప్రాజెక్టు కోసం ఒక ఆయిల్ బావి తవ్వినప్పుడు తీసిన శాండ్‌స్టోన్ కోర్ (స్తంభంలా కోసిన రాయి) ముక్కలు చూస్తున్నాను. మామూలు వెలుగులో ఏమీ కనిపించని క్వార్ట్జ్ రేణువుల్లో యూవీ లైట్ వేయగానే పసుపు, నీలం చుక్కలు మెరిశాయి, ఆయిల్ ఇంక్లూజన్స్, అంటే ఖనిజం పెరిగేటప్పుడు లోపల చిక్కిపోయిన ఆయిల్ చుక్కలు అని గైడ్ చెప్పారు. మైక్రోస్కోప్ హీటింగ్ స్టేజ్ మీద వేడి చేస్తే ఒక చుక్కలో గ్యాస్ బుడగ 80 డిగ్రీల దగ్గర మాయమైంది. అంటే 80 డిగ్రీలప్పుడు ఆయిల్ వచ్చిందని రాసేయొచ్చా? ఇంకోటి, ఆ బావిలో ఇప్పుడు ఆయిల్ చుక్క లేదు, అన్నీ నీళ్లే. మరి ఇవెక్కడివి?

పాత కోర్ పెట్టె:
80 అని రాయకండి. అది ఆయిల్ ఇంక్లూజన్ లెక్క, ఆయిల్‌లో బుడగ మాయమయ్యే ఉష్ణోగ్రత అది చిక్కుకున్న ఉష్ణోగ్రత కంటే చాలాసార్లు బాగా తక్కువే ఉంటుంది. అదే పగులు గీతలో, అదే సిమెంట్ (రేణువుల మధ్య పెరిగి వాటిని అతికించే ఖనిజం) పొరలో ఆయిల్‌తో పాటు చిక్కుకున్న నీటి ఇంక్లూజన్ వెతకండి. పక్కన ఆయిల్ ఉంది కాబట్టి ఆ నీళ్లలో అప్పటికే మీథేన్ నిండుగా కరిగి ఉంటుంది, అందువల్ల దాని విలువ అసలు ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తుంది.

అదొచ్చినా అది తేదీ కాదు, దీన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. నీటి విలువ 110 వచ్చిందనుకుందాం. నేల మీద 20 డిగ్రీలు, కిలోమీటరుకు 30 చొప్పున పెరిగితే ఆ పొర అప్పుడు మూడు కిలోమీటర్ల లోతులో ఉన్నట్టు. కిలోమీటరుకు 35 అనుకుంటే రెండున్నరే. ఆ అర కిలోమీటరు తేడాకే, పొరలు నెమ్మదిగా పేరుకున్న చోట, వయసు పదుల లక్షల ఏళ్లు మారిపోతుంది. కాబట్టి మీ బేసిన్ (పొరలు పేరుకున్న పల్లం) బరియల్ హిస్టరీ, అంటే ఏ పొర ఎప్పుడు ఎంత లోతుకు దిగిందనే లెక్క, ఎంత బాగుంటే మీ తేదీ అంత బాగుంటుంది.

తిమోర్ తీరం:
రెండో ప్రశ్నే నాకు అసలు ఇష్టమైంది. ఆయిల్ వెళ్లిపోయినా రేణువు లోపల చిక్కిన చుక్క వెళ్లలేదు, అంతే. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో తిమోర్ సముద్రం కింద వల్కన్ సబ్-బేసిన్ ఉంది, జబీరు, చాలిస్, స్కువా ఫీల్డులు అక్కడివే. అక్కడ నీళ్లే దొరికిన బావుల్లో, ఇంకా ఆయిల్ మిగిలి ఉన్న చోట ఆ ఆయిల్ మట్టానికి కిందున్న రాతిలో కూడా ఇలాంటి ఇంక్లూజన్స్ బోలెడు కనిపించాయి. ఒకప్పుడు ట్రాప్‌లు (ఆయిల్ చిక్కుకుని నిలిచే రాతి నిర్మాణాలు) ఇప్పటికంటే బాగా నిండి ఉండేవన్నమాట. ఆస్ట్రేలియా ఫలకం బాండా ఆర్క్‌ను (తిమోర్ దగ్గరి వంపు ద్వీపాల వరస) ఢీకొన్న కాలంలో, అంటే మయోసీన్ చివర నుంచి, పాత ఫాల్టులు (రాతి పగుళ్లు) మళ్లీ కదిలి, ఆయిల్‌ను పైనుంచి ఆపే సీల్ పొర తెగి ఆయిల్ కారిపోయింది. అక్కడిదే ఆలివర్ ఫీల్డులో కథ వేరు, అక్కడ తర్వాత వచ్చిన గ్యాస్ ఆయిల్‌ను కిందికి నెట్టేసింది.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లు దీనికి జీఓఐ అనే పద్ధతి తెచ్చారు: ఆయిల్ ఇంక్లూజన్స్ ఉన్న రేణువులు మొత్తంలో ఎంత శాతమో లెక్కపెట్టడమే. 5 శాతం దాటితే అక్కడ ఆయిల్ నిల్వ ఉండేదని, 1 శాతం లోపు ఉంటే నీళ్ల జోన్ అని, లేదా ఆయిల్ అక్కడ నిలవకుండా దాటి వెళ్లిపోయిందని అనుకుంటారు. మీ బావిలో పై నుంచి కిందికి వరసగా చేయండి. శాతం ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో అది పాత ఆయిల్-వాటర్ కాంటాక్ట్ (పైన ఆయిల్, కింద నీళ్లు కలిసే హద్దు) అయ్యే అవకాశం ఉంది. కోర్ లేని చోట కటింగ్స్ (డ్రిల్లింగ్‌లో పైకొచ్చే రాతి ముక్కలు) కూడా పనికొస్తాయి, చుక్క రేణువు లోపల ఉంది కాబట్టి కడిగినా పోదు.

ఇసుకరాయి:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. జీఓఐ తక్కువ వస్తే ఆయిల్ రాలేదనే రాయాలా?

పాత కోర్ పెట్టె:
రాయలేరు. క్వార్ట్జ్ సిమెంట్ బాగా పెరగడానికి దాదాపు 70-80 డిగ్రీలు కావాలి, ఆయిల్ అంతకంటే ముందే తక్కువ లోతులో వచ్చి వెళ్లిపోతే క్వార్ట్జ్‌లో జాడే ఉండకపోవచ్చు. కాల్సైట్ సిమెంట్ ఉంటే అందులోనూ చూడండి. కానీ కాల్సైట్ మెత్తన, తర్వాత వేడెక్కితే లోపలి గది సాగి విలువ పెరిగిపోతుంది, ఒకే గుంపులో విలువలు చెల్లాచెదురుగా వస్తే ఆ గుంపును పక్కన పెట్టేయండి. ముందు వేడి చేసి కొలవండి, గడ్డకట్టించడం తర్వాత. మంచు వ్యాకోచించి గదిని పగలగొడితే మళ్లీ కొలవడానికి ఏమీ మిగలదు. ఇంకో మాట, స్లైడ్ అంటించిన ఎపాక్సీ కూడా యూవీలో మెరుస్తుంది, ఫోకస్ పైకీ కిందికీ తిప్పి చుక్క రేణువు లోపలే ఉందో లేదో చూసుకున్నాకే లెక్కలో వేయండి.