సేవ్ ఫైల్ దాచుకుని ఇండియాకి కొట్టిన వరల్డ్ కప్ లెక్కలోకి వస్తుందా?

కప్పు_కొట్టినోడు:
చిన్న పంచాయితీ, తీర్పు చెప్పండి. జగదీష్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీఎస్‌పీ (సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) నాది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఈఏ కంపెనీ వాళ్ల ఫుట్‌బాల్ గేమ్ '2010 ఫిఫా వరల్డ్ కప్ సౌతాఫ్రికా' ఆడుతున్నా. 199 దేశాల జట్లుంటాయి. ఇండియాని తీసుకుని, క్వాలిఫయర్ల నుంచి మొదలెట్టి, ఫైనల్లో స్పెయిన్‌ని 2-1తో ఓడించా. ఇల్లంతా ఎగిరి గంతేశా.

మా తమ్ముడు మాత్రం "అది గెలుపే కాదు అన్నా" అంటున్నాడు. ఎందుకంటే ప్రతి నాకౌట్ మ్యాచ్ ముందు పీఎస్‌పీని ల్యాప్‌టాప్‌కి తగిలించి సేవ్‌డేటా ఫోల్డర్ (ఆట ఎంతవరకు వచ్చిందో అందులో ఉంటుంది) కాపీ తీసి పెట్టుకున్నా. ఓడితే ఆ పాత కాపీ మళ్ళీ ఎక్కించేవాణ్ణి. ఘనా మీద 3 సార్లు, బ్రెజిల్ మీద 5 సార్లు. ఈ లెక్క నాది కాదు, పక్కన కూర్చుని వాడు పెట్టుకున్నది.

మలక్‌పేట_మిడ్‌ఫీల్డర్:
తమ్ముడిదే రైటు. 2009 నవంబర్ 18న పారిస్‌లో ఏం జరిగిందో గుర్తుందా? ఈ వరల్డ్ కప్ ప్లేఆఫ్‌లోనే ఐర్లండ్ మీద ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ బంతిని చేత్తో ఆపి అందించాడు, అతని జట్టులోని గలాస్ గోల్ కొట్టాడు, ఫ్రాన్స్ సౌతాఫ్రికా వెళ్ళింది. చెయ్యి తగిలిందని ప్రపంచమంతా చూసింది. మ్యాచ్ మళ్ళీ ఆడించమని ఐర్లండ్ అడిగితే ఫిఫా కుదరదంది. అంత అన్యాయం జరిగిన వాళ్ళకే రెండో కాపీ దొరకలేదు. నీకు బ్రెజిల్ మీద ఐదా?

రాత్రి_బండి:
అయ్యో, వీడియో గేమ్‌కి ఫిఫా చట్టాలేంటండీ! జరగనిది జరిగినట్టు చూసుకోవడానికే కదా ఆడేది. అసలు 2010 క్వాలిఫయర్లలో మనకేమైంది? మొదటి రౌండ్‌లోనే లెబనాన్ చేతిలో అక్కడ 4-1తో ఓడి, గోవాలో 2-2 డ్రా. 2007 అక్టోబర్ తోనే మన కథ కంచికి. 1950లో అర్హత దొరికీ బ్రెజిల్ వెళ్ళలేదు. అలాంటి జట్టుతో ఎవరైనా కప్పెత్తితే నేను చప్పట్లు కొడతా, ఎన్నిసార్లు లోడ్ చేశాడో అడగను. ఇదే గేమ్ పీఎస్3 (టీవీకి తగిలించి ఆడే సోనీ మెషీన్) వెర్షన్‌లోనైతే జరిగిపోయిన క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల్లో సగంలో దిగి ఫలితం మార్చే మోడ్ కంపెనీ వాళ్ళే ఇచ్చారు.

మలక్‌పేట_మిడ్‌ఫీల్డర్:
ఆ మోడ్ పేరే వేరు, దాని పందెమే వేరు. ఇతను ఆడింది టోర్నమెంట్. నాకౌట్ అన్న మాటకి అర్థమేంటి మరి?

కప్పు_కొట్టినోడు:
నా బాధ కూడా వినండి. చేతిలో పట్టుకుని ఆడే ఆట ఇది, సోఫాలో కూర్చుని కాదు. ఘనా మీద మొదటిసారి 88వ నిమిషంలో ఉంటే బస్సు కండక్టర్ టికెట్ అడిగాడు. తలెత్తేసరికి గోల్ పడింది. అది నా ఓటమా?

గోలీ_సోడా:
స్టార్ట్ బటన్ నొక్కితే ఆగుతుంది బ్రదర్. పవర్ స్విచ్ పైకి తోస్తే నిద్రపోతుంది కూడా. కండక్టర్ మీద వేయకు. ఇంతకీ డిఫికల్టీ ఏం పెట్టావ్?

కప్పు_కొట్టినోడు:
సెమీ ప్రో.

గోలీ_సోడా:
😂😂 సెమీ ప్రో లాంటి సులువు లెవెల్లో ఐదుసార్లా!

హాస్టల్_రూమ్_14:
మా ఇంజనీరింగ్ హాస్టల్లో జరిగింది చెబుతా. 2010 జూన్‌లో అసలు మ్యాచ్‌లు మనకి రాత్రి 7:30కి, 12కి వచ్చేవి. ఆ రెంటి మధ్య మా టోర్నమెంట్. ఎనిమిది మందిమి, పీఎస్‌పీలు నాలుగు, అన్నీ వైర్‌లెస్‌లో ఒకదానికొకటి కలిపి. నేను ఉరుగ్వే. సెమీస్‌లో మా సీనియర్ నెదర్లాండ్స్, నేను 2-0 మీదున్నా. డిస్క్ గరగర తప్ప గదిలో చప్పుడు లేదు. ఉన్నట్టుండి స్క్రీన్ మీద కనెక్షన్ పోయిందని వచ్చింది. చూస్తే ఆయన చూపుడు వేలు ఇంకా వైఫై స్విచ్ మీదే ఉంది! "జారిందిరా" అన్నాడు. రెండోసారి ఆడాం, మళ్ళీ వెనకబడ్డాడు, మళ్ళీ జారింది.

ఆ రాత్రే రూల్ రాసి తలుపుకి అంటించాం: ఎవరి స్విచ్ ఆఫ్ అయితే వాళ్ళు 3-0తో ఓడినట్టు. మర్నాటి నుంచి ఒక్క వేలూ జారలేదు. సేవ్ కాపీ కూడా నా లెక్కలో ఆ స్విచ్చే. కాకపోతే ఇక్కడ ఎదుట కూర్చున్నది కంప్యూటర్, పాపం అది కాలర్ పట్టుకోదు.

రాత్రి_బండి:
అదే నా పాయింటు కూడా. అవతల మనిషి ఉంటే మోసం. మనిషే లేనప్పుడు ఎవర్ని మోసం చేసినట్టు?

తాత_ఫుట్‌బాల్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇండియా పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉండగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. అందరికీ స్వర్ణమే గుర్తు. అక్కడ మనం ఆడిన మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయామని ఎవరూ చెప్పరు. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని దాటి ఫైనల్‌కి వెళ్తే మళ్ళీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు, 2-1. జర్నైల్ అసలు డిఫెండర్, తలకి దెబ్బ తగిలుంటే ముందుకి పంపి ఆడించారు. ఆ 0-2 చెరిపేసి ఉంటే ఈ 2-1 వినడానికి ఇంత బాగుంటుందా బాబూ?

రాత్రి_బండి:
తాతగారూ, అది గ్రూప్ మ్యాచ్, ఓడినా ఇంకో ఛాన్స్ ఉంది. ఇతనిది నాకౌట్, ఓడితే ఇంటికే. కానీ... సరే, కథ మాత్రం అదిరింది.

మలక్‌పేట_మిడ్‌ఫీల్డర్:
ఓడితే ఇంటికే కదా. మళ్ళీ క్వాలిఫయర్ల నుంచి మొదలుపెట్టాలి. అంతే.

కప్పు_కొట్టినోడు:
అన్నీ చదివా. ఒప్పుకోవడం లేదు. బ్రెజిల్ మీద ఐదోసారి లోడ్ చేశాక కొట్టిన ఫ్రీ కిక్ నా వేళ్ళతోనే కొట్టా, దాన్ని ఎవరూ కాదనలేరు. అయినా రాత్రి కొత్తగా ఇంకో టోర్నమెంట్ మొదలెట్టా. ల్యాప్‌టాప్ తమ్ముడి దగ్గరే ఉంది, ఇవ్వడట. క్వాలిఫయర్లో ఖతర్ మీద 60వ నిమిషం, 0-1. పవర్ లైటు ఆకుపచ్చగా మిణుకుమంటోంది, ఛార్జర్ దొరకట్లేదు.

గోలీ_సోడా:
ఛార్జర్ కూడా తమ్ముడి దగ్గరే ఉండుంటుంది. 😂