దాల్చినచెక్క నీళ్లు షుగర్‌కి పనిచేస్తాయా?

గోదారిగట్టు: మా నాన్నగారు రోజూ పొద్దున్నే స్పూను నిండా దాల్చినచెక్క పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. ఆ బెరడులోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైముని పనిచేయనివ్వవని వాట్సాప్‌లో వచ్చిందట. ఇక షుగర్ మాత్రలు మానేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. నిజమెంత?

వంటింటిశాస్త్రి: నిజమే కదండీ! 2003లో పాకిస్తాన్‌లో 60 మంది షుగర్ రోగుల మీద పరీక్షించారు. రోజుకి 1, 3, 6 గ్రాముల చొప్పున 40 రోజులు ఇస్తే అందరికీ తగ్గింది.

ల్యాబ్‌కోటు: శాస్త్రిగారూ, ఆ అరవైలో సగం మందికి ఇచ్చింది ఉత్తుత్తి మాత్రలు. చెక్క తిన్నది 30 మందే, డోసుకి పది మంది. 2012లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్లు 10 ట్రయల్స్, 577 మంది లెక్కలు కలిపి చూసి, షుగర్‌కి వాడమనేంత ఆధారం లేదన్నారు.

ఎంజైము సంగతికొస్తే, పరీక్షనాళికలో ఆ ఎంజైము, అంటే ఆల్ఫా గ్లూకోసిడేజ్, మందగించడం అబద్ధం కాదు. కానీ ఆ పాలీఫినాల్స్‌లో ఒక రకమైన టానిన్లది ప్రోటీన్ కనిపిస్తే అతుక్కునే గుణం. పచ్చి జామపిందె కొరికితే నాలుక పట్టేస్తుంది చూశారా, లాలాజలంలోని ప్రోటీన్లకి టానిన్లు అతుక్కోవడమే అది. ఎంజైమూ ప్రోటీనే. పేగులో పప్పు, పెరుగు కూడా ఉంటాయి మరి, అక్కడ ఎంజైము వంతుకి ఎంత మిగులుతుంది? యాంటీఆక్సిడెంట్ గుణం ఎంతుందని ల్యాబుల్లో వేసే మార్కులూ అంతే. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం పసుపుకి తిరిగితే వేసేస్తారు. రక్తంలోకి ఎంత చేరిందో ఆ రంగు చెప్పదు.

వంటింటిశాస్త్రి: అకార్బోజ్ అనే షుగర్ మాత్ర ఆపేదీ ఆ ఎంజైమునే కదా?

ల్యాబ్‌కోటు: అవును. కాకపోతే 50 మిల్లీగ్రాముల మాత్రలో 50 ఉంటుంది. బెరడులో ఎంతుందో చెట్టుకే తెలియాలి.

కిరాణాకొట్టు: గోదారిగట్టు గారూ, ముందు ఇంట్లో ఉన్నది ఏ చెక్కో చూడండి. మందంగా, ఒకే పొరగా, గట్టిగా ఉంటే కాసియా అనే రకం. సిలోన్ (శ్రీలంక) రకమైతే పొగాకు చుట్టలా పల్చని పొరలు చుట్టుకుని ఉంటుంది, వేళ్లతో నలిగిపోతుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, దానివల్ల కొందరికి లివర్ మీద దెబ్బ. యూరప్‌లో కౌమరిన్ రోజూ తీసుకోదగ్గ పరిమితి కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము. జర్మనీ వాళ్ల లెక్కన 60 కిలోల మనిషికి 2 గ్రాముల కాసియాతోనే అది నిండిపోతుంది. నిండు స్పూనంటే అంతకంటే ఎక్కువే. బిర్యానీలో వేసే ముక్కకి మాత్రం భయపడక్కర్లేదు.

గోదారిగట్టు: ఇప్పుడే డబ్బా తీసి చూశా. వేళ్లతో కాదు కదా, రోకలితో కొడితేగానీ విరగలేదు. డాక్టరుని అడిగేదాకా మాత్రలు ఆపనని నాన్నగారు ఒప్పుకున్నారు. సిలోన్‌ది ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమంటున్నారు.