కాచి యతుక... గ్రమముగానా, గమ్మరీడా?

ఫ్రాన్సులో నాన్సీ టౌన్‌హాలు ముందున్న స్టానిస్లాస్ కూడలిలో బంగారు పూత పూసిన ఇనుప కటకటాలు చూసినప్పటి నుంచీ వేమన పద్యం ఒకటి నన్ను వదలడం లేదు. “ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు / కాచి యతుక...” తర్వాత “వచ్చు గ్రమముగాను” అనా, “నేర్చు గమ్మరీడు” (అతకడం కమ్మరికి తెలుసు) అనా? మా ఇంట్లో రెండూ వినిపిస్తాయి.

— గమ్మరీడే. కింద “మనసు విరిగెనేని మరి యంటనేర్చునా” ఉంది కదా. పైన నేర్చు, కింద నేర్చునా అని నిలదీయడంలోనే ఉంది పద్యం పదునంతా.

— నా అనుమానం అక్కడేనండీ. కింది “నేర్చు”ను ఎవరో పైకి ఎక్కించి ఉంటారు. ఛందస్సు తేల్చదు. ఎటు చదివినా ఆటవెలది రెండో పాదానికి కావలసిన ఐదు సూర్యగణాలూ కుదురుతాయి, కా–గ యతీ కుదురుతుంది.

— వ్యాకరణం తేలుస్తుంది. “గ్రమము”లో ఆ గకారం ఎక్కడిది? తెలుగు మాట తర్వాత వచ్చే సంస్కృత పదంలోని పరుషాలు (క, చ, ట, త, ప) గసడదవలుగా మారవు. కమ్మరిలో మారవచ్చు.

— ఆ సూత్రం బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిది, ఆయన పందొమ్మిదో శతాబ్దం వాడు మాస్టారూ, ఆ సూత్రంతో వేమనను కొలవలేం. పైగా కమ్మరి కూడా “కర్మార” నుంచి వచ్చిందే.

— అలా సంస్కృతం నుంచి మారి వచ్చిన తద్భవం తెలుగు కిందే లెక్క.

— ఇనుము సంగతి కూడా చూడండి. నాన్సీ కటకటాలు 1750ల్లో జాన్ లామూర్ చేసినవి. అది చేత ఇనుము. కాచి, సమ్మెటతో సాగదీసి ఆకులూ తీగలూ మలిచాడు. తెల్లగా మెరిసేదాకా కాచి రెండు ముక్కలు కలిపి కొడితే అతికేది ఈ ఇనుమే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ముందున్న రైలింగు పోత ఇనుము, అంటే కరిగించి అచ్చులో పోసింది. అందులో కార్బన్ ఎక్కువ కాబట్టి విరిగితే కొలిమిలో అలా అతకదు. చేత ఇనుముకైనా వేడి చాలకపోతే అతుకు పడదు, మించితే ఇనుమే మాడిపోతుంది. అందుకే నా ఓటు “క్రమముగాను”కే.

— ఆ క్రమం తెలిసినవాడే కమ్మరి! అందుకే “నేర్చు”.

— అందరూ రెండో పాదం దగ్గరే ఆగిపోయారు. నాకు మొదటి పాదమే ప్రాణం. ఇనుమడిలో ఉన్న “ఇను”ను (రెండు) తెచ్చి ఇనుము పక్కన ఇనుమారు అన్నాడు. లోహం పేరు పలికిన నోటితోనే లెక్క కూడా పలికించాడు. వేమన తప్ప ఇంత తేలిగ్గా ఎవరంటారు?

— నిజమే, కానీ గకారం గొడవ తీరలేదు. సి.పి. బ్రౌన్ 1829లో వేసిన వేమన పద్యాల ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.

— అచ్చుప్రతి చాలదండీ, తాటాకు ప్రతి కావాలి.